తెలుగు ఫాంట్ల ప్యాకేజీలు: పుష్ హక్కు అందరికీ ఇద్దామా, ఒక్కొక్కరి చేతిలోనే ఉంచుదామా?

పాలకొల్లు నుంచి:
మన గోదావరి రెండు ఒడ్డుల కాలేజీ ల్యాబుల కోసం తెలుగు ఫాంట్లు, కీబోర్డు లేఅవుట్లు డెబియన్ అనే లినక్స్‌కు ప్యాకేజీలుగా కడుతున్నాం. ఏడుగురం ఉన్నాం. ఎవరి ప్యాకేజీ వాళ్ల ల్యాప్‌టాప్‌లోనే ఉంటోంది. మనలో ఒక తమ్ముడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చి వెళ్లిపోయాడు. అతను చూసే లేఅవుట్‌లో ఒక ఒత్తు తప్పు పడుతోంది. ఇన్‌స్టాల్ చేసే డెబ్ ఫైలు అందరి దగ్గరా ఉంది, అది కట్టిన సోర్సు ఎవరి దగ్గరా లేదు. మూడు వారాలు ఆగాల్సి వచ్చింది. అందుకే సోర్సునీ దాని మార్పుల చరిత్రనీ గిట్ పద్ధతిలో ఉమ్మడిగా దాచే గిట్‌ల్యాబ్‌లో ఒక గ్రూపు తెరిచి, ఏడుగురికీ అన్ని రిపాజిటరీల్లో (ప్యాకేజీల సోర్సు ఉండే అరల్లో) పుష్ హక్కు, అంటే మార్పులు నేరుగా సర్వర్‌కు ఎక్కించే హక్కు ఇద్దామంటాను.

భీమవరం నుంచి:
నేను ఒప్పుకోనండి. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని మన పెద్దలు ఊరికే అనలేదు. నేను ఇంతకు ముందు పనిచేసిన చోట ఒకాయన ఫోర్స్ పుష్ కొట్టాడు, అంటే సర్వర్ మీద ఉన్నదాన్ని తోసేసి తనది ఎక్కించాడు, నా రెండు రోజుల పని సర్వర్ మీద నుంచి పోయింది. ఆ టెన్షన్ మళ్లీ వద్దు. ప్యాకేజీకి ఒక యజమాని ఉండాలి, మిగతావాళ్లు తమ మార్పును కలుపుకోమని అతనికి మెర్జ్ రిక్వెస్ట్ పంపాలి.

అమలాపురం నుంచి:
మేస్టారూ, మీకు జరిగిన నష్టం చిన్నది కాదు. కానీ దానికి మందు హక్కు తీసేయడం కాదండి. గిట్‌ల్యాబ్‌లో బ్రాంచిని, అంటే మార్పులు వరసగా చేరే పాయను, ప్రొటెక్టెడ్‌గా పెడితే, మనం ప్రత్యేకంగా అనుమతిస్తే తప్ప ఫోర్స్ పుష్ వెళ్లదు. మామూలు పుష్ మాత్రం ఏడుగురికీ తెరిచి ఉంచవచ్చు.

డెబియన్ వాళ్లు ఈ దారిలో చాలాకాలంగా నడుస్తున్నారు. మొదట ఆలియోత్ అనే సర్వర్ ఉండేది, 2018లో దాన్ని మూసి గిట్‌ల్యాబ్ మీద నడిచే సాల్సాకు మారారు. అక్కడ డెబియన్ పేరుతోనే ఉన్న గ్రూపులో డెబియన్ డెవలపర్లందరికీ రాసే హక్కు ఉంది. అయినా ప్రతి ప్యాకేజీ వివరాలుండే కంట్రోల్ ఫైలులో మెయింటెయినర్ (పూచీదారు) ఎవరో, అప్‌లోడర్లు (తోడు పూచీదారులు) ఉంటే వాళ్లెవరో పేర్లతో రాసి ఉంటుంది. రాసే హక్కు వేరు, పూచీ వేరు. మీరన్న ఆ గొడ్డు చచ్చింది కొట్టం తలుపు తీసి ఉన్నందుకు కాదు, మేత వేసే వంతు ఎవరిదో చెప్పుకోనందుకు.

నిజంగా గొడవ వచ్చేది ఇంకోచోట. ఇద్దరు ఒకేసారి పనిచేస్తే, ఏ విడుదలలో ఏం మారిందో రాసే చేంజ్‌లాగ్ ఫైలు పైవరుసల దగ్గరే కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పుల ఢీ) వస్తుంది. దానికో కట్టుబాటు పెట్టుకుందాం. కమిట్ చేసేటప్పుడు, అంటే ఒక మార్పును చరిత్రలో నమోదు చేసేటప్పుడు, చేంజ్‌లాగ్ ముట్టుకోవద్దు, సందేశం మాత్రం శుభ్రంగా రాయాలి. విడుదల రోజున ఒక్కరే గిట్-బిల్డ్‌ప్యాకేజ్ అనే పనిముట్టులోని జీబీపీ డీసీహెచ్ కమాండ్ నడిపితే, ఆ సందేశాలన్నీ చేంజ్‌లాగ్‌లోకి వచ్చేస్తాయి. ఫాంటు మూలకర్తలు ఇచ్చిన టార్ ఫైలును (సోర్సు మూటను) అక్షరం తేడా లేకుండా మళ్లీ తీయడానికి ప్రిస్టీన్-టార్ బ్రాంచి కూడా మొదటి రోజు నుంచే పెట్టుకోవాలి.

తుఫాను రోజుల్లో మా కోనసీమలో కరెంటూ నెట్టూ రెండూ పోతాయి. గిట్‌లో అయితే బ్యాటరీ ఉన్నంతసేపు ఇంట్లోనే కమిట్లు చేసుకుని, నెట్ వచ్చాక పుష్ చేయవచ్చు. సబ్‌వర్షన్ అనే పాత పద్ధతిలో సర్వర్ అందకపోతే కమిట్టే కాదు. అదీగాక గిట్‌లో మనం దించుకున్న ప్రతి క్లోన్‌లోనూ (నకలులోనూ) చరిత్ర మొత్తం ఉంటుంది కాబట్టి, ఏడుగురిలో ఎవరు దూరమైనా సోర్సు మన దగ్గరే ఉంటుంది.

కాకినాడ నుంచి:
అన్నీ ఒకే రిపాజిటరీలో పెడితే పోదా? జెంటూ, నిక్స్ ప్యాకేజీలు కట్టేవాళ్లు అలాగే చేస్తారు కదా.

అమలాపురం నుంచి:
వాళ్లు పెట్టేది ఎక్కువగా కట్టే పద్ధతి రాసిన చిన్న ఫైళ్లేనండి. మనవి ఫాంట్లు, బైనరీ ఫైళ్లు. మార్చిన ప్రతిసారీ పాతదీ చరిత్రలో ఉండిపోతుంది. కీబోర్డు ఒక్కటి దిద్దాలన్న పిల్లాడు ఫాంట్లన్నీ మొబైల్ డేటా మీద దించుకోవాల్సి వస్తుంది. ప్యాకేజీకి ఒక రిపాజిటరీయే మేలు.

భీమవరం నుంచి:
ప్రొటెక్టెడ్ బ్రాంచి సంగతి అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. సరే, ఏడుగురికీ పుష్ ఇవ్వండి. విడుదల ట్యాగ్ (ఇదే విడుదల అని పెట్టే గుర్తు) మీద సంతకం మాత్రం కంట్రోల్ ఫైలులో పేరున్నవాళ్లే చేయాలి. కొత్తగా చేరే విద్యార్థులు మొదటి నాలుగైదు మార్పులు మెర్జ్ రిక్వెస్ట్‌గానే పంపాలి, ఇది నేను వదలను. అడ్డుకోవడానికి కాదు, పక్కన కూర్చుని నేర్పడానికి. ముందు ఆ లేఅవుట్ ప్యాకేజీ ఒక్కటి ఎక్కించండి. వేసవికి కాలువలు కట్టేసేలోపు ఎలా నడిచిందో చూసి, ఫాంట్ల సంగతి అప్పుడు తేల్చుకుందాం.

పాలకొల్లు నుంచి:
ఆయ్, అలాగేనండి. బెంగళూరు తమ్ముడితో మాట్లాడాను, ఆదివారం సోర్సు పంపుతానన్నాడు. మెయింటెయినర్‌గా అతని పేరు ఉంచి, అప్‌లోడర్లలో నా పేరు కలుపుతున్నాను.