యుద్ధ విమానం మోడల్‌కు మసి పూయాలా, వద్దా?

పెన్నా గాలి (అనంతపురం):
1/72 సైజు హరికేన్ కిట్ పూర్తయింది. 1944లో ఇంఫాల్ దగ్గర అర్జన్ సింగ్ నాయకత్వంలో జపాన్ సేనలతో పోరాడిన మన వైమానిక దళం 1వ స్క్వాడ్రన్ రంగులు వేశాను. ఫోటో చూసిన ఒకాయన "షోరూంలోంచి తెచ్చినట్టుంది, వెదరింగ్ ఏదీ?" అన్నాడు. అంటే వాడి పాతబడినట్టు మసి, మరకలు, అరుగుదల చూపించడం. మన ఎండలకు అక్రిలిక్ పెయింట్, రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ ముక్కు దగ్గరే ఆరిపోయి గరుకుగా పడుతుంది. తెల్లవారుజామున లేచి, పెయింట్ త్వరగా ఆరకుండా రిటార్డర్ చుక్కలు కలిపి నున్నగా కొట్టుకున్న పెయింట్ ఇది. దాని మీద మసి పూయమంటే నాకు మనసొప్పదు. మీరేమంటారు?

హంద్రీ (కర్నూలు):
పూయాల్సిందే బ్రదర్. అవి మట్టి రన్‌వేల మీద, ఎండలో వానలో తిరిగిన విమానాలు. గిన్నెలు తోమే స్పాంజి ముక్క చింపి, సిల్వర్ పెయింట్‌లో ముంచి, టిష్యూ మీద అద్ది, తడి దాదాపు పోయాక విమానం అంతా తాకించండి. పెయింట్ పెచ్చులు ఊడినట్టు భలే వస్తుంది.

పాలకొండలు (కడప):
"విమానం అంతా" అంటేనే చిక్కు అన్నా. హరికేన్‌కు కాక్‌పిట్ వెనక ఒళ్ళంతా గుడ్డ, తోక కూడా అంతే. కర్రల మీద బిగించి కట్టిన గుడ్డలోంచి వెండి మెరుపు ఎలా వస్తుంది? లోహం ఉన్నది ముందు భాగంలో, రెక్కల మీద. అక్కడ కూడా పైలట్, మెకానిక్‌లు ఎక్కి దిగే రెక్క మొదట్లోనే ఎక్కువ అరుగుతుంది.

ఇంకోటి, లెక్క చూడండి. 1/72లో ఒక మిల్లీమీటరు మచ్చ అసలు విమానం మీద 7.2 సెంటీమీటర్లు. స్పాంజితో రెండు మిల్లీమీటర్ల చుక్క పడిందంటే 14 సెంటీమీటర్ల పైన పెచ్చు లేచిపోయినట్టే. ప్రదర్శనల్లో బహుమతులు కొట్టే మోడళ్ళలో కూడా ఈ అతి చూస్తుంటాను, చిరాకేస్తుంది. అంత ఊడాలంటే జపాన్ విమానాలు చేసుకోండి, వాటిలో చాలావాటికి ప్రైమర్ లేకుండానే రంగు వేసేవాళ్ళు.

అలాగని అసలు వద్దనను. పొగ గొట్టాల వెనక మసి, రెక్కల కింద తుపాకుల పొగ చార చాలు. నల్ల పాస్టెల్ చాక్ గీకి, ఆ పొడిని మెత్తటి బ్రష్‌తో ముందు నుంచి వెనక్కి లాగండి. కడుపు కింద కాస్త నూనె మరక.

అన్నట్టు పెన్నా గారూ, విమానం మీది గుండ్రటి గుర్తుల మధ్య ఎరుపు ఉంచలేదు కదా? జపాన్ ఎర్ర సూర్యుడని పొరబడి కాల్చేస్తారని ఈ వైపు విమానాలకు ఎరుపు తీసేశారు. వెదరింగ్ కంటే అది ముఖ్యం.

పెన్నా గాలి (అనంతపురం):
ఎరుపు లేదు సార్, నీలం, లేత నీలమే. పొగ మసి వరకు ఓకే. చిప్పింగ్, అదే పెచ్చులు ఊడినట్టు చూపించడం, మాత్రం నా వల్ల కాదు.

హంద్రీ (కర్నూలు):
గుడ్డకు పెచ్చులు వద్దు, సరే. ఎండకు రంగు వెలిసిపోదా? పైభాగం ఆకుపచ్చలో కాస్త తెలుపు కలిపి పలచగా ఇంకో పూత కొట్టాల్సింది. కొత్త రంగులో మెరిసే ఇంఫాల్ విమానాన్ని నేనైతే నమ్మను.