పదో తరగతి వీడ్కోలు సభలో లీడర్లతో ఏం మాట్లాడించాలి?

ప్రశ్న (తెలుగు టీచర్, జెడ్పీ హైస్కూల్)

ఫిబ్రవరి చివర్లో మా పదో తరగతి వీడ్కోలు సభ. ఎస్‌పీఎల్ (బడి మొత్తానికి విద్యార్థి లీడరు), ఇద్దరు క్లాస్ లీడర్లు తలా నాలుగు నిమిషాలు మాట్లాడాలి. రాసుకొచ్చిన మూడు కాగితాలూ ఇంచుమించు ఒక్కటే: "గురువులు దేవుళ్లతో సమానం, బడి మాకు రెండో ఇల్లు." పిల్లల మనసులో ఏమీ లేక కాదు, బయటికి ఎలా తేవాలో తెలియక. ఆరు నుంచి పది దాకా ఐదేళ్లు ఇక్కడే చదివారు, ఏడాదిపాటు బాధ్యతలు మోశారు. అది మాటల్లోకి రావాలంటే ఏం చేయించాలి? తొమ్మిదో తరగతికి అప్పగింతలు కూడా ఆ రోజే పెట్టొచ్చా?

జవాబు 1 (సోషల్ మాస్టారు)

మేడమ్, "ప్రసంగం రాసుకురండి" అనకండి. ఆ మాట చెవిన పడగానే గైడు భాష వచ్చేస్తుంది. ముగ్గురినీ విడివిడిగా కూర్చోబెట్టి అడగండి, వాళ్లు చెబుతుంటే మీరే రాసుకోండి. ప్రార్థనకు లైన్లు కుదరడానికి జూన్‌లో ఎంతసేపు పట్టేది, ఇప్పుడెంత పడుతోంది? మధ్యాహ్న భోజనం దగ్గర తోపులాట దేనివల్ల తగ్గింది? ఏ పని మొదలుపెట్టి మధ్యలో వదిలేశారు?

అన్నిటికన్నా ఎక్కువ రాబట్టే ప్రశ్న ఒకటుంది: టీచర్ లేని పీరియడ్‌లో అల్లరి చేసేవాళ్ల పేర్లు బోర్డు మీద రాసినప్పుడు స్నేహితుల పేరు రాశారా, వదిలేశారా? లీడరు పడే అసలు నలుగుడు అక్కడే ఉంటుంది. రాస్తే స్నేహితుడు అలుగుతాడు, రాయకపోతే మిగతా క్లాసు మాట వినదు. దీనికి నిజంగా జవాబు చెప్పిన పిల్లాడికి వేరే ప్రసంగం అక్కర్లేదు. సభలో ఆ స్నేహితుడి పేరు మాత్రం రాకూడదు.

తర్వాత పంచండి. ప్రార్థన, బడి మొత్తం సంగతి ఎస్‌పీఎల్‌కి. తరగతి గది ఒక లీడరుకి. ఆటలు, భోజనం, శుభ్రత ఇంకొకరికి. ఒకరి సంగతి ఇంకొకరు ముట్టుకోకపోతే ముగ్గురివీ మూడు రకాలుగా వస్తాయి. వేదిక మీద పిల్లలకు నిమిషానికి 80, 90 మాటలు లెక్కేసుకోండి. నాలుగు నిమిషాలంటే 320 నుంచి 360.

రోజూ తాము చెప్పించిన ప్రతిజ్ఞను 1962లో పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు తెలుగులోనే రాశారని చాలామంది లీడర్లకు తెలియదు. మీ ఎస్‌పీఎల్‌కి చెప్పండి, అందులోని ఏ వాక్యం ఈ ఏడాది కష్టమనిపించిందో అడగండి. మంచి ఎత్తుగడ దొరుకుతుంది.

జవాబు 2 (రిటైర్డ్ హెడ్మాస్టర్)

అప్పగింతలు ఆ రోజు వద్దమ్మా. దండలు, ఫొటోల హడావుడిలో తాళంచెవి చేతులు మారుతుంది కానీ పని మారదు. సభకు పది రోజుల ముందే మొదలుపెట్టాలి. మొదటి మూడు రోజులు తొమ్మిదో తరగతి పిల్లలు పక్కన నిలబడి చూడాలి. తర్వాత నాలుగు రోజులు వాళ్లు నడిపితే పదో తరగతివాళ్లు పక్కనుండాలి. చివరి మూడు రోజులు పాతవాళ్లు లైన్లోనే నిలబడాలి. మార్చిలో పబ్లిక్ పరీక్షలు మొదలయ్యాక ఎవరూ దొరకరు, ఆటల గది తాళంచెవి ఎవరింట్లోనో ఉండిపోతుంది.

200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి పెట్టించండి. వార్తలు, సూక్తి చదివే వంతుల పట్టిక, లైబ్రరీకి తిరిగిరాని పుస్తకాలు, బంతులు, స్కిప్పింగ్ తాళ్ల లెక్క, ఏ కుళాయి కారుతోంది, ఏ గదిలో ఫ్యాన్ తిరగదు, హెడ్మాస్టరుకి ఏ తేదీన చెప్పారు, ఏమైంది. మంచి మాటలకు పుస్తకంలో చోటు వద్దు. కొత్త లీడరుకు తేదీలు కావాలి. కింద పాత, కొత్త లీడర్ల సంతకాలు, క్లాస్ టీచర్ సంతకం.

జవాబు 3 (పీఈటీ)

వేదిక సంగతి. స్పీకరు బాక్సులు మైకుకు వెనక ఉంటే కీచుమంటుంది, పిల్ల బెదిరిపోయి మాట మరిచిపోతుంది. బాక్సులు మైకుకన్నా ముందు, జనం వైపు తిప్పి పెట్టించండి. మైకు నోటికి బెత్తెడు దూరం. కాగితం చూసి చదివితే తల వంగుతుంది, గొంతు మైకుకు అందదు. పోస్టుకార్డంత అట్టముక్క మీద ఐదారు మాటలు పెద్దక్షరాల్లో రాసిస్తే చాలు. రెండుసార్లు రిహార్సల్, అదీ స్పెషల్ క్లాసుల వేళ కాకుండా.

ముఖ్యంగా పిల్లల్ని అతిథుల కంటే ముందు మాట్లాడించండి. చివర పెడితే ఆలస్యమైందని కోత పడేది వాళ్లకే. ఏడుపొస్తే మైకు లాక్కోవద్దు, మంచినీళ్లిచ్చి అర నిమిషం ఆగండి.

ప్రశ్న అడిగిన టీచర్

అందరికీ ధన్యవాదాలు. మధ్యలో వదిలేసిన పనుల గురించి సభలోనే చెప్పించాలా? తల్లిదండ్రులూ ఉంటారు.

జవాబు 2 (రిటైర్డ్ హెడ్మాస్టర్)

తమ వల్ల ఆగిపోయినవి సభలో చెప్పనివ్వండి, ఒక్కటి చాలు. ఇతరుల వల్ల ఆగినవి పుస్తకంలో రాయించండి. వంట చేసేవాళ్లనూ ఆయానూ ముందు వరుసలో కూర్చోబెట్టండి. కృతజ్ఞతలు చెప్పేటప్పుడు పిల్లలు వాళ్లను పేరుతో పిలవాలి. పేర్లు తెలియకపోతే ఈ వారమే అడిగి తెలుసుకోమనండి.