ఏది మతమో కోర్టు తేల్చాలా? మత స్వేచ్ఛ ఇచ్చే ఆర్టికల్ 25 మీద గొడవ

అడ్డప్రశ్న:
ఆనంద మార్గ్ కేసు చదివినప్పట్నుంచీ బుర్రలో ఇదే తిరుగుతోంది. ఆనంద మార్గ్ అనే మత సంస్థవాళ్ళు కలకత్తా వీధుల్లో పుర్రె, కత్తి, పాము పట్టుకుని తాండవం చేస్తామన్నారు, పోలీసులు కుదరదన్నారు. అంతవరకు బానే ఉంది. 1983లో సుప్రీంకోర్టు ఏమందంటే, మీ సంస్థ పెట్టింది 1955లో, తాండవం వచ్చింది 1966లో, కాబట్టి అది మీకు ముఖ్యమైన ఆచారం కాదు పొమ్మంది (మతానికి ముఖ్యమైన ఆచారమైతేనే రక్షణ, అదీ కోర్టు పెట్టుకున్న టెస్ట్). తర్వాత వాళ్ళ గురువుగారు అది చెయ్యాల్సిందేనని పుస్తకంలో రాస్తే, 2004లో మళ్ళీ, మధ్యలో కలిపినవి చెల్లవంది!! నడిరోడ్డు మీద పుర్రె తిప్పితే జనం జడుసుకుంటారు, ప్రజాశాంతి అన్న మాట ఆర్టికల్ 25 మొదట్లోనే ఉంది, ఆ ముక్క చెప్పి కొట్టేస్తే సరిపోయేదిగా, మతం వయసు లెక్కపెట్టడం దేనికి?

నల్లకోటు:
ముఖ్యమా కాదా అనే ఆ జల్లెడ లేకపోతే ఎలా బాస్? మన దేశంలో పుట్టుక నుంచి చావు దాకా అన్నిట్లో మతం ఉంటుంది, అన్నీ మతమే అంటే ఏ చట్టమూ చెయ్యలేమని అంబేద్కర్ 1948లోనే రాజ్యాంగ సభలో చెప్పారు. పైగా 1954 శిరూర్ మఠం తీర్పులో ఏది ముఖ్యమో ఆ మత సిద్ధాంతాలనే అడగమన్నారు, జడ్జి సొంత తెలివి కాదు.

అడ్డప్రశ్న:
1954లో అన్నారు, నిజమే. 1961 అజ్మీర్ దర్గా కేసుకొచ్చేసరికి మూఢనమ్మకాల వల్ల పుట్టుకొచ్చినవాటికి రక్షణ లేదన్నారు కదా. ఏది మూఢమో తేల్చేది ఎవరు మరి, అదే జడ్జి.

సందేహం:
కేరళ జాతీయగీతం కేసు ఎవరూ ఎత్తట్లేదేంటి? 1985లో ముగ్గురు తోబుట్టువులు, యెహోవా సాక్షులు, ప్రేయర్‌లో అందరితో పాటు మర్యాదగానే నిలబడ్డారు, పాడలేదంతే, బడి నుంచి తీసేశారు. సుప్రీంకోర్టు జడ్జి, మన చిన్నప్పరెడ్డి గారు 1986 తీర్పులో, ఆ నమ్మకం మనకి నచ్చుతుందా అన్నది కాదు, వాళ్ళు మనస్ఫూర్తిగా నమ్ముతున్నారా అన్నదే ప్రశ్న అన్నారు. తర్వాత చూస్తే పాడి తీరాలన్న చట్టమే లేదు, సర్క్యులర్లు తప్ప. పిల్లలు గెలిచారు. ఇంత సింపుల్.

నల్లకోటు:
అంత సింపుల్ కాదండీ. అంటరానితనం పాటించేవాడు కూడా మనస్ఫూర్తిగానే పాటిస్తాడు, వాణ్ణేం చేస్తారు? అమెరికాలో ఈ 'ముఖ్యమైన ఆచారం' టెస్ట్ లేదు, వాళ్ళ తలనొప్పి వాళ్ళకుంది. మత క్రతువులో పెయోటి అనే మత్తు కాక్టస్ తిన్న ఇద్దరి ఉద్యోగం పోయింది, నిరుద్యోగ భృతి కూడా ఇవ్వలేదు, 1990లో వాళ్ళ సుప్రీంకోర్టు అందరికీ వర్తించే చట్టం మీకూ వర్తిస్తుంది అంతే అంది. జనం గోలపెడితే 1993లో కాంగ్రెస్ (వాళ్ళ పార్లమెంటు) మత స్వేచ్ఛ కోసం వేరే చట్టం చెయ్యాల్సొచ్చింది.

ఊరిపిల్ల:
అంటరానితనాన్ని రద్దుచేసే ఆర్టికల్ 17 ఉంది, గుడి తలుపులు హిందువులందరికీ తెరిచే చట్టం చెయ్యడానికి 25(2)(బి) ఉంది, దానికి ముఖ్యమా కాదా అనే జల్లెడ అక్కర్లేదు. అన్ని వయసుల ఆడవాళ్ళనీ గుడిలోకి రానివ్వాలన్న 2018 శబరిమల తీర్పుకి నేను చప్పట్లు కొట్టినదాన్నే, అయినా అదే బెంచిలోని జడ్జి ఇందూ మల్హోత్రా గారి భిన్నాభిప్రాయం చదివాక కొంచెం ఇబ్బందనిపించింది, ఏది ముఖ్యమో ఆ మతంవాళ్ళు చెప్పాలి గానీ కోర్టు కాదన్నారామె. సమానత్వం అనే ఒక్క కారణం చాలదా? హిజాబ్ కేసులో కూడా 2022లో ఇద్దరు జడ్జిల్లో ధూలియా గారు ఆ టెస్టే అవసరం లేదన్నారు. (హిజాబ్ మీద ఇక్కడ కొట్టుకోకండి ప్లీజ్, టెస్ట్ గురించే మాట్లాడండి.)

నల్లకోటు:
సరే, 17 గురించి ఒప్పుకుంటా. కానీ జల్లెడ తీసేస్తే రేపు ప్రతివాడూ నా మైకు నా మతం అని పిటిషన్ వేస్తాడు.

అడ్డప్రశ్న:
వెయ్యనివ్వండి, పక్కింటోడి నిద్ర పోతోందని కొట్టేస్తారు. మీ మతంలో మైకుందా అని గ్రంథాలు తిరగెయ్యక్కర్లేదు. సిక్కుల కిర్పాణ్ చూడండి, ఆర్టికల్ 25 వివరణలోనే రాసిపెట్టారు కాబట్టి ఆ కత్తిని ముఖ్యమా కాదా అని ఎవడూ అడగడు. అలా రాయించుకోలేనివాళ్ళే కోర్టులో నిలబడి మా దేవుడు నిజంగానే ఇలా చెప్పాడు సార్ అని రుజువు చేసుకోవాలి.