తిరుమలలో టికెట్టు కొనక్కర్లేని దర్శనాన్ని ‘ఫ్రీ దర్శనం’ అనొచ్చా, ‘సర్వదర్శనం’ అనే అనాలా?

కొర్లగుంట:
మొన్నటిదాకా నేనూ ఫ్రీ దర్శనం అనే అన్నాను. ఇక అనను. పోయిన వారం తిరుపతిలో యాత్రికుల వసతి సముదాయం శ్రీనివాసం ముందర ఒక అవ్వ మనవణ్ణి పట్టుకుని నిలబడి ఉంది. ‘టికెట్టు ఉందా అవ్వా?’ అని అడిగాను. గొంతు తగ్గించి, ‘లేదు నాయనా, మేము ఫ్రీ వాళ్లం’ అంది. పసుపు గుడ్డలో కట్టిన ముడుపు ఆమె కొంగున వేలాడుతోంది. ఆమె ఊరికే వచ్చిన మనిషా? సర్వదర్శనం అంటే అందరికీ దర్శనం. ఆ మాటలో ధర లేదు. ఫ్రీ అనగానే 300 రూపాయల టికెట్టు పక్కన పెట్టి మనిషిని తూచినట్టు ఉంటుంది.

చిత్తూరు ఆటో:
అన్నా, బస్సు దిగిన తమిళ భక్తుడికి ఫ్రీ అంటే చటుక్కున తెలుస్తుంది. రోడ్డు ఫ్రీగా ఉంది, చొక్కా ఫ్రీగా ఉంది, సాయంత్రం ఫ్రీనా, ఫ్రీగా మాట్లాడు... ఇన్ని పనులు చేసే మాటను తరిమేసి ‘ఉచిత దర్శనం’ అందామా? సంస్కృతంలో ఉచితం అంటే తగినది. డబ్బు కట్టక్కర్లేదనే అర్థం తర్వాత వచ్చిందే.

కొర్లగుంట:
ఉచితం కూడా వద్దు తమ్ముడూ, సర్వదర్శనం ఉంది కదా. ఫ్రీ మీద నాకు కోపం లేదు. అసలు అది మనకు చుట్టం. ఇంగ్లీషు ఫ్రీ, ఫ్రెండ్, సంస్కృతం ప్రియ, మూడూ ఒకే మూలం నుంచి పుట్టాయి. ‘మనవాళ్లు, ప్రియమైనవాళ్లు’ అనే అర్థం నుంచి ‘బానిసలు కానివాళ్లు’ అయింది, ఆ తర్వాత సుంకం లేనిది, డబ్బు లేనిది. మన దగ్గరేమో టమోటా ప్రియమైందంటే ధర మండిపోతోందని! చొక్కాకూ రోడ్డుకూ ఫ్రీ వాడుకుందాం. మనిషికి వద్దు.

తిరుచానూరు:
కొండ మీద భోంచేసి వస్తే మా ఇంట్లో ఎవరూ ఫ్రీ భోజనం తిన్నామనరు. అన్నప్రసాదం తిన్నామంటారు. అదే నోటికి సర్వదర్శనం మాత్రం ఎందుకు రాదు?

చిత్తూరు ఆటో:
దానికి నా దగ్గర బదులు లేదక్కా. కానీ కొర్లగుంట అన్నా, ఒక్క మాట. అవ్వను ‘టికెట్టు ఉందా’ అని అడిగింది మీరే. ఆమె గొంతు తగ్గింది ఆ ప్రశ్నకే.

కొర్లగుంట:
నిజమే. ‘ఏ దర్శనానికి అవ్వా’ అని అడగాల్సింది.