నీలగిరి తరగతి ఫ్రిగేట్లు: శివాలిక్‌తో పోలిస్తే మారిందేమిటి?

ప్రశ్న:
2025 ఆగస్టు 26న విశాఖపట్నంలో ఉదయగిరి, హిమగిరి ఒకే రోజు భారత నౌకాదళంలో చేరినప్పటి నుంచి ప్రాజెక్ట్ 17ఏ, అంటే నీలగిరి తరగతి ఫ్రిగేట్ల (ఒక రకం యుద్ధనౌకల) నిర్మాణ కార్యక్రమం గురించి చదువుతున్నాను. ఇవి అంతకుముందు తరం ఫ్రిగేట్లయిన శివాలిక్ నౌకలకు మెరుగులు దిద్దిన రూపమేనని కొందరు, పూర్తిగా కొత్తవని మరికొందరు రాస్తున్నారు. అసలు తేడా ఎక్కడుందో తెలిసినవారు వివరించగలరా?

జవాబు 1:
ఆకృతి వరకు మొదటివారి మాట నిజమేనండి. ఇవి శివాలిక్ నమూనా నుంచి పుట్టినవే. నా దృష్టిలో అసలు మార్పు గగనతల రక్షణలో ఉంది. శివాలిక్‌లో ష్టిల్ క్షిపణులను ముందు డెక్కు మీది లాంచర్ ఒకదాని తరవాత ఒకటిగా వదులుతుంది. పైగా క్షిపణి లక్ష్యాన్ని చేరేదాకా నౌక మీది ప్రత్యేక రాడార్ ఆ లక్ష్యంపైనే కిరణాలు ప్రసరిస్తూ ఉండాలి కనుక, ఒకేసారి ఎన్ని దాడులను ఎదుర్కోవచ్చన్నది ఆ రాడార్ల సంఖ్యను బట్టే ఉంటుంది. నీలగిరిలో 32 బరాక్-8 క్షిపణులు డెక్కు కింద నిలువు గొట్టాల్లో సిద్ధంగా ఉంటాయి. వాటి ముక్కులోనే సొంత రాడార్ ఉండడంతో చివరి దశలో లక్ష్యాన్ని అవే వెతికి పట్టుకుంటాయి. ఎంఎఫ్-స్టార్ రాడార్ ఫలకాలు నాలుగు వైపులకూ స్థిరంగా బిగించి ఉంటాయి. తిరిగే యాంటెన్నా మళ్లీ అటువైపు వచ్చేదాకా ఆగాల్సిన పని లేదు. ఇంత తేడా ఉన్నప్పుడు దీన్ని కేవలం మెరుగుదల అనడం నాకు సమంజసంగా తోచదు.

జవాబు 2:
నిర్మాణం సంగతి కూడా చెప్పుకోవాలి. మొత్తం ఏడు నౌకల్లో నాలుగింటిని ముంబైలోని మజగాన్ డాక్, మూడింటిని కోల్‌కతాలోని గార్డెన్ రీచ్ నౌకా నిర్మాణ సంస్థలు చేపట్టాయి. పైపులు, కేబుళ్లు ముందుగానే అమర్చిన పెద్ద పెద్ద భాగాలను తరవాత కలిపి అతుకుతారు. వాడిన డీఎమ్ఆర్ 249ఏ ఉక్కును రూపొందించింది హైదరాబాద్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల అని మనవాళ్లలో చాలామందికి తెలియదు. పేర్లలో ఆరు 1972 నుంచి సేవలో చేరిన పాత నీలగిరి తరగతివే. మహేంద్రగిరి ఒక్కటే కొత్తగా కలిసింది.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండి. మరి ఇంజన్లు?

జవాబు 1:
ఆ విషయంలో శివాలిక్ పద్ధతే కొనసాగింది. మామూలు గస్తీకి డీజిల్ ఇంజన్లు, వేగం అవసరమైనప్పుడు రెండు ఎల్ఎం2500 గ్యాస్ టర్బైన్లు నడుస్తాయి. రెండు రకాలూ కలిసి పనిచేయవు. పాత నీలగిరి మాత్రం ఆవిరి టర్బైన్లతో నడిచిన నౌక.