14 అంగుళాల చక్రాలకి గాలి ఎంత? రోడ్డుకీ ట్రాక్‌కీ ఒకటేనా?

పాత_స్విఫ్ట్: నా స్విఫ్ట్‌కి 185/65 ఆర్15 (15 అంగుళాల) టైర్లు తీసేసి 185/70 ఆర్14 (14 అంగుళాలవి) వేయించాను. వచ్చే నెల చెన్నై దగ్గర ఇరుంగట్టుకోట్టై రేస్ ట్రాక్‌లో ట్రాక్ డే, అంటే సొంత బండిని ట్రాక్ మీద నడిపే రోజు. హైదరాబాద్ నుంచి ఇదే బండిలో వెళ్లి ఇదే బండిలో రావాలి. గాలి ఎంత పెట్టమంటారు?

మూడో_గేరు: 38-40 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టండి. సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ ఎత్తు, 120 మిల్లీమీటర్ల నుంచి 130 అయింది. గాలి తక్కువైతే మలుపులో టైరు ఒరిగిపోయి అంచు మీద నడుస్తుంది.

రబ్బరు_వాసన: చల్లటి టైర్లో 40 పెడితే కాసేపటికే 46 దాటుతుంది. ఇక సబ్బు రాసిన నేల మీద నడిపినట్టే. 29-30తో మొదలెట్టండి. పిట్‌లోకి (ట్రాక్ పక్కన బండి ఆపే చోటికి) రాగానే, టైరు వేడిగా ఉండగానే కొలిచి, ఎక్కువుంటే గాలి తీసి 36 దగ్గర ఆపండి.

గాలోడు: నైట్రోజన్ కొట్టించు బ్రో, అసలు పెరగదు.

రబ్బరు_వాసన: మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే. వేడికి అదీ అంతే పెరుగుతుంది, పది డిగ్రీలకి ఒకటిన్నర పీఎస్ఐ. బంకు కంప్రెసర్లో నీళ్లుంటే మాత్రం కొంచెం తేడా వస్తుంది.

గాలోడు: మా బంకులో పెరగదనే చెప్పారు మరి.

మూడో_గేరు: నైట్రోజన్ సంగతి వదిలేయండి. మా ఊరి షాపులో ఒకడు అడక్కుండా 28 కొట్టి పంపాడు. విజయవాడ హైవే మీద గుంతలో పడి సైడ్‌వాల్ ఉబ్బింది. కొత్త టైరు డబ్బులు ఎవరిస్తారు?

రబ్బరు_వాసన: గుంతకీ మలుపుకీ ఏంటండీ సంబంధం? టైరు అంచున చిన్న త్రిభుజం గుర్తు ఉంటుంది. సుద్దముక్కతో గీత గీసి రెండు ల్యాప్‌లు తిరగండి. సుద్ద ఆ గుర్తు దాటి చెరిగిపోతే గాలి తక్కువ, గుర్తు దాకా రాకపోతే ఎక్కువ. అంతే.

మూడో_గేరు: పాఠం బాగుంది. మీ బండి ట్రక్కు మీద వస్తుంది, ట్రాక్‌కి వేరే నాలుగు చక్రాలు. ఆయనకున్నవి ఈ నాలుగే. పొద్దున రేసు, రాత్రికి వాటి మీదే పెళ్లాం పిల్లలతో ఆరొందల కిలోమీటర్లు!

రబ్బరు_వాసన: నా చక్రాలు మీకెందుకు? అడిగింది ట్రాక్ గురించి.

మూడో_గేరు: రెండిటి గురించీ అడిగాడు, పైన చదవండి. మీరన్నట్టు వేడిలో 36కి దించితే, చల్లారాక 28కి పడుతుంది. అలసిపోయిన మనిషి మళ్లీ నింపడం మర్చిపోతే? రెండు ల్యాప్‌లు మెల్లగా పోయినా పర్లేదు గానీ టైరు ఇంటిదాకా రావాలి.

రబ్బరు_వాసన: అదీ అసలు మాట. మీ వాదన టైరు పట్టు గురించి కాదు, భయం గురించి. ఆ మాట మొదటే అనాల్సింది. 12 వోల్టుల పంపు డిక్కీలో పడేస్తే సరిపోయేది. రోడ్డుకి డోరు స్టిక్కర్ మీది అంకే పెట్టుకోవచ్చు, రెండు సైజులకీ లోడ్ ఇండెక్స్ (టైరు మోయగల బరువు చెప్పే అంకె) 88యే.

మూడో_గేరు: భయమే. టైరు మీరు కొనిస్తారా?

పాత_స్విఫ్ట్: పంపు ఉందండీ. ముందు ఎంత, వెనక ఎంత అన్నది మాత్రం ఎవరూ చెప్పలేదు.

రబ్బరు_వాసన: వెనక రెండు పీఎస్ఐ ఎక్కువ. ఇంజన్ ముందు చక్రాల్ని తిప్పే బండి కదా, అలా పెడితే మలుపులో ముక్కు తేలిగ్గా తిరుగుతుంది.

మూడో_గేరు: వాన పడితే తోక కూడా తిరుగుతుంది.