పై పెదవి మరీ సన్నం, ఫిల్లర్ మానేసి సర్జరీకి వెళ్లనా?

గుంటూరు_పిల్ల: నవ్వితే నా పై పెదవి కనపడదు. ఫిల్లర్ (పెదవి నిండుగా కనపడ్డానికి వేసే ఇంజెక్షన్) వేయించుకుంటే ఏడాది తిరక్కుండానే కరిగిపోతోంది. మళ్లీ డబ్బు, మళ్లీ వాపు. ఒక డాక్టర్ లిప్ లిఫ్ట్ అన్నారు, ఇంకొకరు కొవ్వు ఎక్కిద్దాం అన్నారు. చేయించుకున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇంట్లో ఇంకా చెప్పలేదు.

కూకట్‌పల్లి_శైలు: నేను లిప్ లిఫ్టే చేయించుకున్నానండి. సరిగ్గా ముక్కు కింద, దాని వంపు వెంబడే సన్నటి చర్మపు పట్టీ కోసి తీసేసి కుడతారు. ముక్కుకీ పెదవికీ మధ్య జాగా తగ్గి, పెదవి ఎర్రభాగం పైకి తిరుగుతుంది. నాకు ఆ జాగానే ఎక్కువ. అందుకే ఎంత ఫిల్లర్ పోసినా మూతి ముందుకొచ్చేదే తప్ప పై పళ్లు కనపడేవి కావు. మీది కూడా అద్దంలో అలా చూసుకోండి, జాగా మామూలుగానే ఉంటే ఈ సర్జరీ మీకు కాదు.

మత్తు అక్కడివరకే ఇచ్చారు. నొప్పి లేదు గానీ లాగుతున్నట్టు తెలుస్తూనే ఉంటుంది, అదో చిరాకు. వారంలోపే కుట్లు తీశారు. మచ్చే అసలు టెన్షన్. నెలల తరబడి ఎర్రగా, గట్టిగా ఉంది. సన్‌స్క్రీన్, సిలికాన్ జెల్ మానలేదు. ఇప్పుడు దగ్గరకొచ్చి చూస్తే తప్ప తెలియదు.

అన్నట్టు, చెవులు కుట్టించుకున్నచోట మీకు గడ్డ లేచిందా? కీలాయిడ్ (మచ్చ గడ్డలా పెరగడం) వచ్చే ఒళ్లయితే ముఖం మీద కోత ఆలోచించాల్సిందే.

ఓటీ_సిస్టర్: ప్లాస్టిక్ సర్జరీ థియేటర్‌లో పనిచేస్తాను. కొవ్వు పొట్ట నుంచో తొడ నుంచో తీస్తారు. అందులో కొంత ఒళ్లు పీల్చేసుకుంటుంది, ఎంతన్నది ముందే చెప్పలేం. రెండోసారి ఎక్కించాల్సి రావచ్చు. పెదవి లోపలివైపు కోసి, ఆ పొరను ముందుకు జరిపి కుట్టే పద్ధతీ ఉంది. మచ్చ బయటికి కనపడదు గానీ వాపు బాగా ఉంటుంది. పెదవి లోపల పెట్టే సిలికాన్ ఇంప్లాంట్ వద్దనుకుంటే తీసేయొచ్చు, కానీ పక్కకు జరగొచ్చు, చేతికి తగలొచ్చు. ద్రవ సిలికాన్ ఇంజెక్షన్ అంటే మాత్రం లేచి వచ్చేయండి.

జ్వరం పొక్కులు పెదవి మీద వచ్చే అలవాటుంటే ముందే చెప్పండి, మందు ఇస్తారు. చేసేవాళ్లకి ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సీహెచ్. గానీ డి.ఎన్.బి. గానీ డిగ్రీ ఉందో లేదో చూసుకోండి.

గుంటూరు_పిల్ల: చెవికి ఏమీ కాలేదు. ముక్కుపుడక దగ్గర చిన్న బుడిపె లేచి, తగ్గిపోయింది.

ఓటీ_సిస్టర్: తగ్గిందంటే కీలాయిడ్ కాకపోవచ్చమ్మా, అది తనంతట తాను పోదు. అయినా డాక్టర్‌కి చెప్పు. పాత ఫిల్లర్ ఏమైనా మిగిలుంటే ముందు ఇంజెక్షన్‌తో కరిగించాలా అని కూడా అడుగు.